మే నెలలో ఫ్రాన్సు పల్లెలు, అత్తయ్యతో కలిసి, అద్దె కారులో: మా ప్లాను చూసి చెప్పండి

బ్రాడీపేట టీచరు అడిగారు:

నమస్కారం అండి. గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను. వచ్చే వేసవి సెలవుల్లో ఫ్రాన్సు వెళ్లాలని ఇంట్లో గట్టిగా అనుకున్నాం. నేను, మావారు, టెన్త్ రాస్తున్న మా అమ్మాయి, మా అత్తయ్య. మావారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేది మే, జూన్ మధ్యలోనే. మా బడులు తెరిచేది జూన్ 12న. కాబట్టి మే మూడో వారంలో బయల్దేరి, జూన్ మొదటి వారం దాటేసరికి ఇంటికొచ్చి పడాలి. తేదీలు ఇంతకుమించి జరపడానికి వీల్లేదు.

బస్సెక్కించి, ఈఫిల్ టవర్ దగ్గర దింపి, ఫొటో తీయించి మళ్లీ బస్సెక్కించే ప్యాకేజీలు మాకొద్దు. నేను సోషల్ చెప్తాను. తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ పన్నులు కట్టిన రైతుల ఊళ్లు ఎలా ఉంటాయో చూడాలనిపిస్తుంది. సంతలు, పొలాలు, పాత రాతి ఇళ్లు, నది ఒడ్డున ఊళ్లు. అవి చూడాలని నా కోరిక. మావారు కారు బాగా నడుపుతారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. గుడ్డు కూడా ముట్టరు. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా తిని షుగర్ మాత్ర వేసుకోవాలి.

మేం వేసుకున్న ప్లాను ఇది: పారిస్‌లో దిగి కారు తీసుకోవడం, అక్కణ్ణుంచి సముద్రంలో గుట్ట మీదుండే మోన్ సాన్ మిషెల్, తర్వాత లువార్ నది కోటలు, దోర్దోన్ వైపు గుహలు, కార్కసాన్ కోట, ప్రొవాన్స్‌లో లావెండర్ తోటలు, నీస్, తిరిగి పారిస్. ఒక్కోచోట ఒకటి రెండు రాత్రులు. మావారికి ఒకే ఒక్క కోరిక ఉంది. ఎస్పెలెట్ అనే ఊళ్లో ఇళ్ల గోడలకి ఎండు మిరపకాయల దండలు వేలాడదీస్తారట. అది చూడకుండా రానంటున్నారు.

ఇది కుదిరే పనేనా? మన లైసెన్సుతో అక్కడ కారు ఇస్తారా? అత్తయ్య భోజనం సంగతేంటి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పగలరు.


లబ్బీపేట నుంచి ఒకరు:

వీసా సంగతి వరకు నేను చెప్తాను మేడం, తిరిగే సంగతి వెళ్లొచ్చినవాళ్లు చెప్తారు.

మీరు కట్టాల్సింది షెంజెన్ వీసాకి, అంటే ఫ్రాన్సుతో పాటు యూరప్‌లో చాలా దేశాలకి చెల్లే వీసా. హైదరాబాద్‌లో వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌కి నలుగురూ వెళ్లాలి, వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, 15 రోజుల లోపు అయితే తీసుకోరు. మార్చిలో సెలవులకి అందరూ ఎగబడతారు, అపాయింట్‌మెంట్లు దొరకవు. మీరు జనవరి, ఫిబ్రవరిలోనే పని కానిచ్చెయ్యండి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, సెంటర్ వాళ్ల సర్వీసు చార్జి దాని మీద. 30,000 యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అత్తయ్యగారి షుగర్ సంగతి ఇన్సూరెన్స్ ఫారంలో దాచకుండా రాయండి.

ముఖ్యమైన మాట: ప్రతి రాత్రికీ ఎక్కడ పడుకుంటున్నారో కాగితం చూపించాలి. ఒక్క రాత్రి ఖాళీ ఉన్నా ప్రశ్న వస్తుంది. మీ బడి నుంచి సెలవు లెటరు, మీవారి ఐటీ రిటర్నులు, యార్డు లైసెన్సు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టుకోండి. అత్తయ్యగారి ఖర్చు కొడుకే భరిస్తున్నట్టు ఒక ఉత్తరం. ఇంకో సంగతి, ఇప్పుడు యూరప్‌లో మొదట దిగిన విమానాశ్రయంలో వేలిముద్రలు, ఫొటో తీసుకుని కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. క్యూ నెమ్మదిగా కదులుతుంది. రెండో విమానానికి మధ్య గంటన్నర మాత్రమే ఉండే టికెట్ కొనొద్దు.

కారుకి మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. ఆర్టీఏ ఆఫీసులో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. దానికి పాస్‌పోర్టు, వీసా కాపీలు అడుగుతారు కాబట్టి వీసా వచ్చాక చేయించండి.


బందరు కాలువ గట్టు:

అమ్మా, నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. విజయవాడ. మా అబ్బాయి తూలూజ్‌లో విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసినప్పుడు నేనూ మా ఆవిడా వెళ్లి ఆ చుట్టుపక్కల పల్లెల్లో మకాం పెట్టాం. పల్లెలు చూడాలన్న మీ కోరిక చదివి చాలా సంతోషం వేసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ప్లానులో సగానికి పైగా కొట్టెయ్యండి. మీరు రాసిన దారి మొత్తం కలిపితే 2,500 కిలోమీటర్లు దాటుతుంది. పెద్ద టోల్ రోడ్ల మీద 130 వేగంతో పోవచ్చు, కానీ ఆ రోడ్ల మీంచి పల్లె కనపడదు. పల్లె రోడ్డు మీద మామూలుగా పరిమితి 80, ఊళ్లోకి వస్తే 50. మధ్యలో ట్రాక్టరు తగిలితే దాని వెనకే పోవాలి. అత్తయ్యగారిని రోజూ నాలుగైదు గంటలు సీట్లో కూర్చోబెట్టి, సాయంత్రం కొత్త ఊళ్లో పెట్టెలు దించి, పొద్దున మళ్లీ ఎక్కించడం మీకు సెలవు కాదు, డ్యూటీ. పైగా మీ తేదీల్లో లావెండర్ పూయదు. ప్రొవాన్స్‌లో వాలెన్సోల్ వైపు పూత మొదలయ్యేది జూన్ నడిమి నుంచి, నిండుగా ఉండేది జూలైలో. మీరెళ్లేసరికి ఆకుపచ్చ పొదలే ఉంటాయి. ప్రొవాన్స్, నీస్ తీసెయ్యండి. లువార్ కోటలు, మోన్ సాన్ మిషెల్ కూడా ఈసారికి వద్దు.

మీ తేదీలు మాత్రం బంగారం. ఫ్రెంచివాళ్లు సెలవులకి కదిలేది జూలై, ఆగస్టుల్లో. అప్పుడు శనివారాలు రోడ్లన్నీ కిక్కిరిసిపోతాయి, అద్దెలు ఆకాశంలో ఉంటాయి. మే చివర, జూన్ మొదట్లో గోధుమ చేల గట్ల మీద ఎర్ర గసగసాల పూలు, సంతలో చెర్రీలు, స్ట్రాబెర్రీలు, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు. మనకి రోహిణి కార్తె ఎండలు మండే రోజుల్లో అక్కడ సాయంత్రం పూట స్వెట్టర్ కావాలి.

పారిస్ బదులు తూలూజ్‌లో దిగండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా టికెట్ దొరుకుతుంది. అక్కణ్ణుంచి రెండే మకాములు. పల్లెల్లో సొంతదారులు వారానికి అద్దెకిచ్చే ఇళ్లుంటాయి, జీత్ అంటారు. వంటిల్లు, వరండా, ఎదురుగా పొలం. చాలా చోట్ల శనివారం సాయంత్రం తాళాలిచ్చి, మళ్లీ శనివారం పొద్దున ఖాళీ చేయిస్తారు. బుక్ చేసేటప్పుడు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: కింది అంతస్తులో పడకగది, స్నానాలగది ఉన్నాయా, దుప్పట్లు తువ్వాళ్లు వాళ్లిస్తారా. పాత రాతి ఇళ్లల్లో పడకగదులు పైన, మెట్లు నిటారుగా ఉండటం మామూలు.

మొదటి మకాం లొరాగే అనే ప్రాంతంలో, కాస్తెల్నొదరి ఊరికి దగ్గర్లో పెట్టండి. తూలూజ్ నుంచి 60 కిలోమీటర్లు. ఇక్కడ పెట్టమని ఎందుకంటున్నానో చెప్తాను, ఇది నాకు ప్రాణం లాంటి విషయం.

తూలూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా 240 కిలోమీటర్ల కాలువ ఉంది, కనాల్ దు మిది. 1666లో 14వ లూయీ అనుమతిస్తే 1681లో పడవలు నడిచాయి. తవ్వించినవాడు పియేర్ పోల్ రికే. ఇంజినీరు కాడు, ఉప్పు పన్ను వసూలు చేసే కాంట్రాక్టరు. మీరు పాఠంలో చెప్పే ఆ ఉప్పు పన్నే. అలా గడించిన డబ్బులో చాలా భాగం ఈ కాలువలో పోసి, అప్పులపాలై, కాలువ తెరవడానికి కొన్ని నెలల ముందు 1680లో పోయాడు. పనివాళ్లకి నెలజీతం ఇచ్చాడు. వాన పడిన రోజుకీ, ఆదివారానికీ, జబ్బు పడినప్పుడూ కూలి కోయలేదు. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు, మీ పిల్లలకి చెప్పండి.

కాలువ తవ్వడం ఎవరైనా తవ్వుతారు. చిక్కు ఎక్కడంటే, అటు అట్లాంటిక్, ఇటు మధ్యధరా. మధ్యలో నోరూజ్ దగ్గర 189 మీటర్ల ఎత్తున మిట్ట. పడవ మిట్ట ఎక్కి దిగాలంటే లాకులు కావాలి, అంటే గేట్లు మూసి నీటి మట్టం పెంచి తగ్గించే అరలు. లాకు తెరిచిన ప్రతిసారీ నీళ్లు రెండు వైపులకీ పల్లానికి జారిపోతాయి. అంటే పై కొసన ఎప్పుడూ నీళ్లు ఉండాలి, మిట్ట మీద నది లేదు. రికే ఏం చేశాడంటే, ఉత్తరాన నల్లకొండల్లో పారే వాగుల నీళ్లన్నీ పట్టి, పిల్లకాలువల్లో కొండవాలు వెంట తిప్పి తిప్పి నోరూజ్‌కి తెచ్చాడు. వేసవికి నిల్వ కోసం సాన్ ఫెరియోల్ దగ్గర పెద్ద మట్టికట్ట వేశాడు. ఆ చెరువు ఇవాళ్టికీ పనిచేస్తోంది. కట్ట దిగువన తోట, ఫౌంటెన్లు, చల్లటి నీడ. చెరువు చుట్టూ దారి చదును, అత్తయ్యగారు హాయిగా నడవొచ్చు.

నోరూజ్ దగ్గర బండి ఆపి ఐదు నిమిషాలు నడిస్తే ఆ పిల్లకాలువ వచ్చి కలిసే చోటు కనపడుతుంది. చూడటానికి ఏమీ ఉండదు. చెట్ల నీడ, గట్టున గడ్డి, మెల్లగా పారే నీళ్లు. కాని అక్కడ నిలబడితే కుడిచేతి వైపు పోయే నీళ్లు ఒక సముద్రానికి, ఎడమచేతి వైపు పోయేవి ఇంకో సముద్రానికి. జీవితమంతా నీటి మట్టాలతో పనిచేసినవాణ్ణి, అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

లాకులు పనిచేయడం మీ అమ్మాయికి తప్పకుండా చూపించండి. కాస్తెల్నొదరిలోనే సాన్ రోక్ లాకులున్నాయి, నాలుగు మెట్లుగా. పడవ కింది అరలోకి వస్తుంది. తాడు విసిరి గట్టు మీది మొద్దుకి చుడతారు. వెనక గేటు మూసుకున్నాక ముందు గేటులోని చిన్న తూములు లేపుతారు. నీళ్లు నురగలు కక్కుతూ లోపలికి తన్నుకొస్తాయి, పడవ ఊగుతూ పైకి లేస్తుంది, రెండు పక్కలా మట్టం సమానం అయ్యాకే గేటు కదులుతుంది. ఆ లాకు అర గోడలు తిన్నగా ఉండవు, కోలగా బయటికి వంగి ఉంటాయి. మొదట్లో తిన్నగా కట్టిన ఒకటి మట్టి ఒత్తిడికి కూలిపోయాక, కోలగా ఉంటే కమానులా ఒత్తిడి తట్టుకుంటుందని మార్చారు. ప్రతి లాకు దగ్గరా లస్కరు (లాకు గేట్లు తీసి మూసే మనిషి) ఇల్లు, గోడ మీద పలక. ఎగువ లాకు ఎంత దూరం, దిగువ లాకు ఎంత దూరం అని మీటర్లలో చెక్కి ఉంటుంది. మధ్యాహ్నం లస్కర్ల భోజనాల వేళ లాకులు ఆపేస్తారు, అది చూసుకుని వెళ్లండి.

బెజవాడలో మన లాకులు పడవల కోసం కట్టారన్న సంగతే ఇప్పటి పిల్లలకి తెలియదు. బందరు దాకా, ఏలూరు మీదుగా గోదావరి దాకా సరుకంతా ఈ కాలువల మీదే పోయేది. అక్కడ 1996లో యునెస్కో గుర్తించి కాపాడుతున్నారు. మన గట్ల మీద ఏముందో మీకు తెలుసు. ఆ బాధతోనే ప్రతివాళ్లకీ ఆ కాలువ చూసి రమ్మని చెప్తుంటాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఫొటోల్లో కాలువకి రెండు పక్కలా గొడుగు పట్టినట్టుండే ప్లేన్ చెట్లు చూసి ఉంటారు. 2006 నుంచి వాటికి బూజు తెగులు పట్టింది. మొత్తం 42 వేల చెట్లలో సగానికి పైగా కొట్టెయ్యాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నుంచి వచ్చిన మందుగుండు చెక్కపెట్టెలతో ఆ తెగులు దిగిందంటారు. కొన్నిచోట్ల గట్లు బోసిగా ఉంటాయి, కొత్త మొక్కలు నాటుతున్నారు.

అదే ప్రాంతంలో ఇంకో విశేషం. 15, 16 శతాబ్దాల్లో ఇక్కడి రైతులు పండించిన పాస్టెల్ అనే మొక్క ఆకు దంచి, ముద్దలు కట్టించి, వర్తకులు నీలిరంగు అమ్మి కోట్లు గడించారు. తూలూజ్‌లో పెద్ద పెద్ద మేడలు ఆ డబ్బుతో లేచినవే. తర్వాత మన దేశం నుంచి నీలిమందు ఓడల్లో దిగాక ఆ వ్యాపారం నిలవలేదు. మీరు క్లాసులో చెప్పుకోవడానికి ఇది పనికొస్తుంది.

రెండో మకాం ఉత్తరాన లాత్ నది, దోర్దోన్ నది మధ్యలో పెట్టండి. అక్కడ కొండ అంచున వేలాడే ఊళ్లు, గుహలు. లాస్కో గుహ 1940లో బయటపడింది. జనం ఊపిరికి బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. 2016లో మోన్తిన్యాక్‌లో పూర్తి నకలు కట్టి తెరిచారు. చక్రాల కుర్చీ కూడా పోతుంది. నకలు కాకుండా నిజం గుహ ఒకటి చూడాలంటే రూఫిన్యాక్‌కి వెళ్లండి, లోపలికి చిన్న కరెంటు రైలు తీసుకెళ్తుంది, రాతి మీద మామత్ ఏనుగుల బొమ్మలు. అత్తయ్యగారు దిగి కాస్త నిలబడితే చాలు. రొకామదూర్ అని కొండకి అతుక్కున్న పుణ్యక్షేత్రం ఉంది, 216 మెట్లు. మొక్కుకున్నవాళ్లు మోకాళ్ల మీద ఎక్కేవారు. లిఫ్టు ఉంది, భయపడకండి.

ఇక డ్రైవింగ్. మీవారికి కొత్తగా అనిపించేది కుడి పక్కన నడపడం కాదు, ఒక్క రోజులో అలవాటవుతుంది. ఖాళీ రోడ్డు మీద మలుపు తిరిగాకే చెయ్యి పాత అలవాటుకి పోతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లు ప్రతి మలుపుకీ 'కుడి' అని పైకి చెప్పాలి. రెండోది, ఊళ్లల్లో కుడి సందులోంచి వచ్చే బండికి దారివ్వాలి, అది ఎంత చిన్న సందైనా సరే. మీరు పోయే రోడ్డు మీద పసుపు డైమండ్ గుర్తు ఉంటే మాత్రం మీదే ముందు. ఊరి పేరు బోర్డు కనపడిందంటే అదే 50 పరిమితి, వేరే బోర్డు పెట్టరు. ఆటోమేటిక్ గేరు బండ్లు తక్కువ, ముందే అడిగి పెట్టుకోండి. డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలి, డెబిట్ కార్డు చూపిస్తే బండి ఇవ్వరు చాలా చోట్ల. పెట్రోలు బంకుల్లో గాజోల్ అని రాసి ఉంటే అది డీజిల్. సూపర్‌మార్కెట్ల బంకుల్లో ధర తక్కువ.


కొరిటెపాడు కుర్రాడు (ఇప్పుడు తూలూజ్‌లో చదువు):

మేడం, ఇరిగేషన్ మాస్టారు చెప్పింది అక్షరాలా పాటించండి. టైముల సంగతి నేను చెప్తాను, మనవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే.

పల్లెల్లో కొట్లు పన్నెండున్నరకి మూసి రెండున్నర, మూడుకి తెరుస్తారు. హోటళ్లలో మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకానే, రెండింటికి వెళ్తే వంటగది కట్టేశామంటారు. అత్తయ్యగారి పన్నెండున్నర వేళ అక్కడ సరిగ్గా సరిపోతుంది. రాత్రి మాత్రం ఏడున్నరకి ముందు ఏమీ పెట్టరు. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఊరు ఊరంతా మూత, సోమవారం కూడా చాలా కొట్లు తెరవరు. శనివారమే సరుకులు కొని పెట్టుకోండి. మే 1, 8 సెలవులు. ఈస్టర్‌ని బట్టి మేలోనో జూన్ మొదట్లోనో ఒక గురువారం, ఒక సోమవారం కూడా సెలవులొస్తాయి. ఆ గురువారానికి శుక్రవారం కలిపేసుకుని అందరూ ఊళ్లు పోతారు. ఆ నాలుగు రోజులకి ఇల్లు ముందే పట్టుకోవాలి.

శాకాహారం గురించి. ఇక్కడ 'మాంసం వద్దు' అంటే చేప, గుడ్డు పెడతారు. రెండూ వద్దని విడిగా చెప్పాలి. దోర్దోన్ వైపు బంగాళదుంప వేపుడు బాతు కొవ్వులో వేయిస్తారు, చూడ్డానికి తెలియదు. కాస్తెల్నొదరి కాసూలే అంటే తెల్ల చిక్కుడు గింజల కూర, అందులో బాతు, పంది మాంసం ఉంటాయి. చీజ్ చాలావాటిలో దూడ పొట్టలోంచి తీసిన తోడు కలుపుతారు. అత్తయ్యగారికి పట్టింపు ఉంటే ప్యాకెట్ మీద శాకాహార తోడు అని రాసింది మాత్రమే కొనండి. బేకరీ రొట్టె మాత్రం పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్, అంతే. పొద్దున్నే వెచ్చటి బాగెట్, చెర్రీ జామ్ అత్తయ్యగారికి నచ్చుతాయి. సూపర్‌మార్కెట్‌లో తీపి కలపని పెరుగు దొరుకుతుంది, మన తోడు పెరుగంత పుల్లగా ఉండదు. లె ప్యూయీ ఊరి పచ్చ మసూర్ పప్పు ప్రతి కొట్లో ఉంటుంది. చారుకి, పప్పుకి బ్రహ్మాండంగా సరిపోతుంది, విరిగిపోకుండా ఉడుకుతుంది.

సంతలు: రెవెల్‌లో శనివారం, 14వ శతాబ్దపు చెక్క మండపం కింద. మీర్‌పువాలో సోమవారం, సార్లాలో శనివారం. ఎనిమిదిన్నరకల్లా వెళ్లండి, పన్నెండున్నరకి గొడుగులు మడిచేస్తారు.

మీవారి ఎస్పెలెట్ గురించి. తూలూజ్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, బాస్క్ ప్రాంతంలో. ఒక రాత్రి అక్కడే పడుకునేట్టు పెట్టుకోండి. ఆ మిరపకి 2000లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పది ఊళ్లలో పండిందానికే ఆ పేరు. మన గుంటూరు సన్నంకి ఉన్నట్టే. కోత ఆగస్టు నుంచి మొదలవుతుంది, అప్పుడే గోడలంతా ఎర్రగా ఉంటాయి. మీరెళ్లే రోజుల్లో నారు పొలాల్లో పెడుతుంటారు. కొన్ని ఇళ్లకి, కొట్లకి కిందటేటి దండలు మాత్రం ఉంటాయి. రైతుల కొట్లలో పొడి రుచి చూపిస్తారు. కారం చాలా తక్కువ, వాసన కోసం వాడతారు. సన్నం తిన్న నోటికి అది కారమే కాదు. అయినా ఒక చిన్న సీసా పొడిని వాళ్లు అమ్ముకునే తీరు చూస్తే మిర్చి వ్యాపారం చేసేవాళ్లకి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

లొరాగేలో గాలి ఎక్కువ. ఓతాన్ అని ఆగ్నేయం నుంచి ఒక్కోసారి రోజుల తరబడి వీస్తుంది. చెవులకి కట్టుకోవడానికి అత్తయ్యగారికి ఒక స్కార్ఫ్ తెచ్చుకోండి.


పటమట నుంచి ఒక అమ్మమ్మ:

టీచరమ్మా, వంట సామాను సంగతి మగవాళ్లు రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

నెయ్యి, పాలకోవా, ఏ పాల పదార్థమూ సంచిలో పెట్టొద్దు. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాలూ మాంసమూ రానివ్వరు, దొరికితే తీసి పారేస్తారు. మామిడిపళ్ల కాలం కదా అని బంగినపల్లి కాయలు కూడా వద్దు. తాజా పళ్లకి, ఆకులకి సర్టిఫికెట్ అడుగుతారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. నీడన ఆరబెట్టి పొడి కొట్టి పట్టుకెళ్లండి. ఆవకాయ, కంది పొడి, చింతపండు, ఇంగువ, పోపు గింజలు నిక్షేపంగా వెళ్తాయి. ఆవకాయ డబ్బాకి మూత బిగించి, రెండు కవర్లు చుట్టి, పెద్ద పెట్టెలోనే పెట్టండి. చేతిసంచిలో పెడితే నూనె ఉందని ఆపేస్తారు.

అక్కడి ఇళ్లల్లో ఇండక్షన్ పొయ్యిలు చాలా ఉన్నాయి. మన అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచెయ్యదు. అడుగు ఇండక్షన్‌ది అని రాసి ఉన్న మూడు లీటర్ల స్టీలు కుక్కరు పట్టుకెళ్లండి. మనం వాడే లావు మూడు పిన్నుల ప్లగ్గు వాళ్ల సాకెట్‌లో దూరదు, అడాప్టర్ కావాలి. కరెంటు మన వోల్టేజీనే. బియ్యం మొయ్యొద్దు, అక్కడ దొరుకుతాయి.

అత్తగారి మాత్రలు ఎన్నిరోజులు ఉంటారో దానికి రెండు వారాలు ఎక్కువ, డాక్టరు చీటీ ఇంగ్లీషులో రాయించుకుని చేతిసంచిలోనే పెట్టండి. నేను కూడా ఆవిడ వయసుదాన్నే, ఒక మాట చెప్తాను. ఆవిణ్ణి రోజూ ఎక్కడికో ఒక చోటికి తిప్పాలని చూడకండి. ఆ ఇళ్ల ముందు చెట్టు కింద కుర్చీ వేసుకుని, పొరుగింటావిడ టమాటా నారు నాటుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు ఏ కోటకంటే ఎక్కువ నచ్చింది.


బ్రాడీపేట టీచరు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అత్తయ్యకి చదివి వినిపించాను. పటమట అమ్మమ్మగారి ఉత్తరం రెండుసార్లు చదవమన్నారు. ప్లాను మార్చేశాం: తూలూజ్‌లో దిగడం, ఒక వారం కాస్తెల్నొదరి దగ్గర, ఇంకో వారం లాత్ నది ఒడ్డునున్న కాఓర్‌ ఊరికి ఉత్తరాన, చివర్లో ఎస్పెలెట్‌లో రెండు రాత్రులు, తిరిగి తూలూజ్‌లో విమానం. మావారు నారు పెట్టే కాలమైతే ఇంకా మంచిదన్నారు, సాళ్ల మధ్య ఎంత ఎడం ఇస్తారో చూడాలట.

ఇంకో రెండు సందేహాలు. లైసెన్సు లేకుండానే కాలువ మీద పడవ మనమే నడుపుకోవచ్చని మా అమ్మాయి ఎక్కడో చదివింది. అత్తయ్యతో అది చెయ్యొచ్చా? నలుగురికి, పెట్టెలకి ఏ సైజు కారు చెప్పాలి?


బందరు కాలువ గట్టు:

అమ్మా, అమ్మాయి చదివింది నిజమే. అద్దె పడవకి విడిగా లైసెన్సు అక్కర్లేదు, కాసేపు నేర్పించి అప్పగిస్తారు. వేగం 8 కిలోమీటర్లు. కాని అవి ఎక్కువగా వారానికి ఇచ్చేవి, అందులోనే పడుకోవాలి. పడవలోకి దిగే మెట్లు ఇరుకు, లాకు దగ్గర తాడు పట్టుకోవడానికి గట్టు మీదికి గెంతాలి. అత్తయ్యగారి మోకాళ్లకి అది వద్దు. కాస్తెల్నొదరి, కార్కసాన్‌ల నుంచి టికెట్ పెట్టి గంటా రెండు గంటలు తిప్పే పడవలున్నాయి. కుర్చీలో కూర్చునే లాకు దాటొచ్చు. నడిపేది వాళ్లే. మీ అమ్మాయిని ముందు కొసన నిలబడమనండి, గేటు తెరుచుకోవడం అక్కణ్ణుంచి బాగా కనపడుతుంది. వీలుంటే ఒక పూట అదే కాలువ మీదున్న బెజియే ఊరి దాకా వెళ్లి ఫోన్సెరాన్ లాకులు చూడండి. పడవ మెట్టు మెట్టుగా 21 మీటర్లకి పైగా దిగుతుంది. పక్కనే నడక దారి ఉంది, వాలు ఎక్కువ కాబట్టి అత్తయ్యగారిని పైనే నీడలో కూర్చోబెట్టండి.

కారుకి వెనక డిక్కీ పొడుగ్గా ఉండే ఎస్టేట్ రకం అడగండి. పెద్ద ఎస్‌యూవీ వద్దు, పల్లె సందుల్లో, రాతి గుమ్మాల కింద పట్టదు. పెట్టెలు బయటికి కనపడేట్టు కారులో వదిలి ఎక్కడికీ వెళ్లొద్దు.

ఒక్క సర్దుబాటు చెయ్యండి. విమానం శుక్రవారం దిగేట్టు చూసుకుని ఆ రాత్రి తూలూజ్‌లో పడుకోండి, ప్రయాణం బడలికతో కారు ఎక్కొద్దు. శనివారం పొద్దున కారు తీసుకుని తిన్నగా రెవెల్ సంతకి. కూరగాయలు, రొట్టె, చెర్రీలు అక్కడే కొనండి. సాన్ ఫెరియోల్ కట్ట అక్కడికి మూడు కిలోమీటర్లు, మధ్యాహ్నం భోజనం చెట్ల కింద కానిచ్చి, సాయంత్రం ఐదింటికి జీత్ తాళాలు తీసుకోండి. ఆదివారం కొట్లన్నీ మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు నోరూజ్‌కి పెట్టుకోండి.